పటం మీది పేరు, నేల మీది హక్కు

2024 సెప్టెంబరు 13న పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మారుస్తున్నట్టు కేంద్రం ప్రకటించింది. అంతకు దాదాపు ఆరేళ్ళ ముందు, 2018 డిసెంబరు 30న, రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, హ్యావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది. నడుమ 2023 జనవరి 23న ‘పేరులేని’ 21 దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. తెలుగువాళ్ళకు ఇది పరాయి ఊరి ముచ్చట కాదు. 2011 లెక్కల్లో అండమాన్ నికోబార్ జనం 3,80,581 అయితే, నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. వాళ్ళకంటే ముందు సంకెళ్ళతో వెళ్ళినవాళ్ళున్నారు: 1857లో హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడి నడిపిన మౌల్వీ అలాఉద్దీన్ అక్కడే కన్నుమూశాడు, అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర, కాకినాడ బాంబు కేసు ప్రతివాది భయంకరాచారి ద్వీపాంతర శిక్ష అనుభవించారు. అందుకే ఈ పేర్ల మీద తెలుగువాళ్ళ మధ్య వాదన లేస్తే అందులో సొంత గొంతు వినిపిస్తుంది. ఆ వాదాన్ని ఇక్కడ ఇద్దరి నోట పెడుతున్నాను. ఒకరు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు, రెండోవారు ఆయన దగ్గర చదువుకుని లాయరైన మనిషి. ఇద్దరూ కల్పితమే, వాళ్ళు చెప్పే సంగతులు కావు. నా మొగ్గు లాయరు వైపే, దాచను. కానీ మాస్టారి ప్రశ్నలు చేత్తో తోసేసేవి కావు.

మాస్టారు: నీల్ అంటే ఎవరో నీకు వేరే చెప్పక్కర్లేదు. మద్రాసు ఫ్యూజిలీర్స్ పటాలం తీసుకెళ్ళి 1857లో కాశీలో, అలహాబాదులో కనిపించినవాణ్ణల్లా ఉరితీయించిన జేమ్స్ నీల్. వాడి విగ్రహం మద్రాసు మౌంట్ రోడ్డు మీద దశాబ్దాల తరబడి నిలబడింది. 1927లో కుర్రాళ్ళు సుత్తులు పట్టుకెళ్ళి సత్యాగ్రహం చేసి జైళ్ళకెళ్ళారు. 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాక గాని ఆ విగ్రహం మ్యూజియంలోకి పోలేదు. విగ్రహం పోయి ఎనభై ఏళ్ళు దాటాక కూడా ఒక దీవి మొత్తం ఆ మనిషి పేరు మోస్తూ ఉందంటే సిగ్గుపడాల్సింది ఎవరు? 1857 తిరుగుబాటు ఖైదీలను తీసుకెళ్ళి పడేసిన చోటే, ఆ తిరుగుబాటును అణిచినవాళ్ళ పేర్లు వరసగా దీవులకు పెట్టారు. హ్యావ్‌లాక్, ఔట్రామ్, హెన్రీ లారెన్స్, జాన్ లారెన్స్, నికల్సన్. ఖైదీ కళ్ళెత్తి సముద్రం వైపు చూస్తే కనబడేది తనను ఓడించినవాడి పేరే. ఇది కావాలని చేసిన అవమానం. దాన్ని తుడిచేస్తే తప్పేముంది నాయనా?

లాయరు: తప్పేమీ లేదు మాస్టారూ. నీల్ పేరు పోయినందుకు ఒక్క కన్నీటి చుక్క కూడా రాల్చను. పైగా ఆ పని సగంలో ఆగిపోయింది అంటాను. 2018 మార్పు ఔట్రామ్‌నీ లారెన్సు అన్నదమ్ముల్నీ ముట్టుకోలేదు. ఆ మూడు దీవులూ ఉన్న సముద్ర జాతీయ పార్కుకేమో రాణీ ఝాన్సీ పేరు! నేను అడిగేది వేరే. నీల్ పేరు పెట్టేటప్పుడు బ్రిటిషువాడు ఒక మాట మనసులో పెట్టుకున్నాడు: ఈ నేల నాది, కనక పేరు పెట్టే హక్కు నాది. మనం పేరు మార్చేటప్పుడు ఆ మాటను కొట్టేశామా, లేక ‘ఇప్పుడు మాది కనక హక్కు మాది’ అని కర్తను మాత్రం మార్చామా? మొదటిది జరిగుంటే వలస పాలన ముద్ర చెరిగినట్టు. రెండోదైతే ముద్ర అలాగే ఉంది, దాని కింద సంతకం మారింది. అండమాన్‌లో జరిగింది రెండోదే అని నా వాదం. పేరు పెట్టడానికీ నేల మీద హక్కుకీ ఉన్న ముడి ఏమిటో తేలితే, ఎవరి పేరు పెట్టాలన్నది దానంతటదే తేలుతుంది.

మాస్టారు: సంతకం ఎవరిదో పట్టించుకోనంటే ఎలా? షహీద్, స్వరాజ్ అన్న పేర్లు ఢిల్లీలో గుమాస్తాలు కుదిర్చినవి కావు. 1943 డిసెంబరు 30న పోర్ట్ బ్లెయిర్ జింఖానా మైదానంలో జెండా ఎగరేసి, అండమాన్‌కు షహీద్ అని, నికోబార్‌కు స్వరాజ్ అని పేరు పెట్టింది సుభాష్ బోస్. ఆజాద్ హింద్ ప్రభుత్వానికి తనదని చెప్పుకోడానికి దొరికిన మొదటి నేల అది. ఆ పేర్లను 75 ఏళ్ళకు తిరిగి తెచ్చారు. దీన్ని బ్రిటిషువాడి నామకరణంతో ఒకే గాటన కడతావా?

లాయరు: కట్టను. కానీ ఆ రోజు జరిగిందేమిటో పూర్తిగా చూద్దాం. దీవులు 1942 మార్చి నుంచి జపాన్ సైన్యం చేతిలో ఉన్నాయి. బోస్ జెండా ఎగరేసిన వేళ సెల్యులర్ జైల్లో దీవుల ప్రజల నాయకుడు డాక్టర్ దివాన్ సింగ్ చిత్రహింసలు పడుతున్నాడు. రెండు వారాలకు, 1944 జనవరి 14న, ప్రాణం వదిలాడు. అదే నెల 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని గూఢచారులన్న నెపంతో జపానువాళ్ళు కాల్చి చంపారు. బోస్ తరఫున పాలకుడిగా వచ్చిన లోకనాథన్‌కు పోలీసు శాఖ ఇవ్వనన్నారు, దక్కింది విద్యాశాఖ. షహీద్ అన్న పేరు పెట్టిన నేల మీదే నిజమైన షహీదులు ఆ పేరు పెట్టినవారి కళ్ళకు కనబడకుండా చనిపోయారు. ఇది బోస్‌ను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఆయనకు తిరిగి చూసే వీలు జపానువాళ్ళు ఇవ్వలేదు. నేను చెప్పేదల్లా ఒకటే: పేరు వచ్చింది, హక్కు రాలేదు. పేరు ఒకరిది, తుపాకీ ఒకరిది.

ఇంకా వెనక్కి వెళ్తే నికోబార్ దీవుల్లో ఇదే కథ మళ్ళీ మళ్ళీ నడిచింది. మన తరంగంబాడి నుంచి బయల్దేరిన డేన్ వర్తకులు 1750ల్లో దిగి, తమ రాజు ఫ్రెడరిక్ పేరు మీద ఫ్రెడరిక్ దీవులన్నారు. మలేరియా వాళ్ళను మళ్ళీ మళ్ళీ తరిమింది. వాళ్ళు లేని సమయం చూసి 1778లో ఆస్ట్రియా పక్షాన విలియం బోల్ట్స్ పంపిన మనుషులు జెండా పాతారు; వాళ్ళ మహారాణి మరియా థెరెసా పేరు తెరెసా దీవి రూపంలో నేటికీ ఉంది. ఆస్ట్రియా హక్కు ఏమైంది? కొద్ది ఏళ్ళకే గాలికి పోయింది. డెన్మార్క్ పేరు ఏమైంది? మరుగున పడింది. హక్కు మాత్రం 1868 అక్టోబరు 16న బ్రిటన్‌కు అమ్ముడుపోయింది. అంటే ఒకచోట పేరు మిగిలి హక్కు పోయింది, ఇంకోచోట పేరు పోయి హక్కు రొక్కమైంది. పేరుకీ హక్కుకీ సంబంధం ఉందని నమ్మే ప్రతివాడికీ నికోబార్ చరిత్ర ఎదురు సాక్ష్యం. ఆ అమ్మకం కాగితం మీద నికోబారీయుల వేలిముద్ర ఒక్కటీ లేదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. అసలు యజమాని లేని అమ్మకం అది.

మాస్టారు: చరిత్ర నాకే అప్పజెప్తున్నావు, సరే. కానీ నీ ఉదాహరణలే నీ మీద తిరగబడతాయి. పేరూ పటమూ పట్టించుకోని దేశం నేల పోగొట్టుకుంటుంది. కోకో దీవులు చూడు. ఉత్తర అండమాన్‌కు కూతవేటు దూరం, అదే కొండల వరస. ఈరోజు మయన్మార్‌వి. నార్కొండం దీవి మాదని బర్మా ఎన్నో ఏళ్ళు అన్నది. 1947లో అసలు అండమాన్‌ల మీదే తకరారు వచ్చింది. తూర్పు, పశ్చిమ పాకిస్తాన్‌ల నడుమ ఓడల దారికి కావాలని జిన్నా అడిగాడు, బ్రిటిషు సైనికాధికారులు మా దగ్గరే ఉంచుకుంటామన్నారు. ఇన్ని కళ్ళు పడ్డ దీవుల మీద మన పేరు గట్టిగా చెక్కడం అతిశయం కాదు, జాగ్రత్త.

లాయరు: మీరు చెప్పిన మూడింటినీ పేరు తేల్చిందా, మరేదైనా తేల్చిందా? కోకో దీవులను నెహ్రూ దానం చేశాడని ఒక ప్రచారం తిరుగుతూ ఉంటుంది. నిజానికి 1882లోనే బ్రిటిషువాళ్ళు వాటిని పాలన సౌకర్యం కోసం బర్మాకు కలిపారు. 1937లో బర్మా ఇండియా నుంచి విడిపోయినప్పుడు అవి బర్మాతో వెళ్ళాయి. ఒక గుమాస్తా ఉత్తర్వు తేల్చిన సంగతి అది. కోకో అన్న విదేశీ పేరును మయన్మార్ మార్చనూ లేదు, మార్చనందువల్ల పోగొట్టుకోనూ లేదు. నార్కొండం 1986 నాటి సముద్ర సరిహద్దు ఒప్పందంతో తేలింది. ఆ దీవి పాత పేరుతోనే మనదైంది. 1947 తకరారు లండన్‌లో, ఢిల్లీలో బేరసారాలతో ముగిసింది. మూడింటిలోనూ పేరు సాక్షిగా కూడా పిలవబడలేదు.

ఇలాంటి తగాదాల మీద అంతర్జాతీయ న్యాయంలో అందరూ ఉదహరించే తీర్పు ఒకటుంది. ఫిలిప్పీన్స్‌కు దక్షిణాన చిన్న దీవి. స్పెయిన్ పటాల్లో పాల్మాస్, అక్కడివాళ్ళకు మియాంగాస్. స్పెయిన్ మొదట కనిపెట్టింది, పేరు పెట్టింది, 1898లో మాకు అప్పగించింది అని అమెరికా వాదించింది. నెదర్లాండ్స్ చెప్పిన మాట వేరు: పదిహేడో శతాబ్దం నుంచి ఆ చుట్టుపక్కల దీవుల నాయకులతో మాకు ఒప్పందాలున్నాయి, వాళ్ళ ద్వారా అక్కడ పాలన మాదే. 1928లో మధ్యవర్తి మాక్స్ హ్యూబర్ నెదర్లాండ్స్ పక్షాన తీర్పిచ్చాడు. కనిపెట్టడం ఒక్కటే చాలదు, తెరిపి లేకుండా, శాంతియుతంగా అధికారం కనబరచాలి అన్నాడు. పటాలకు పెద్ద విలువ ఇవ్వలేదు. మాస్టారూ, ఇందులో గమనించాల్సింది పటం పట్టుకొచ్చినవాడు ఓడిపోవడం ఒక్కటే కాదు. దీవివాసులతో మాట కలిపినవాడు గెలిచాడు. దేశ భద్రత పేరుతోనే వాదించాలన్నా, అండమాన్ నికోబార్‌లో మన పట్టు అక్కడి జనం ఒప్పుదల మీద నిలబడితేనే గట్టిది.

(ఇక్కడ నా మాట ఒకటి. లాయరు ఈ తీర్పును తన వైపుకు కాస్త ఎక్కువే లాగుతున్నాడు. డచ్చివాళ్ళ ఒప్పందాలు వలస ఒప్పందాలే, సమానుల మధ్య రాసుకున్నవి కావు. అయినా అసలు సంగతి చెక్కుచెదరదు: పేరు కంటే అక్కడి మనుషులతో ఉన్న సంబంధమే బలమైన ఆధారమైంది.)

మాస్టారు: జనం అంటున్నావు. ఏ జనం? జనాభా లెక్కలు నేనూ చూశాను. 2011లో గ్రేట్ అండమానీయులు 44 మంది, ఓంగేలు 101, షోంపెన్‌లు 229. మిగతావాళ్ళలో అత్యధికులు తూర్పు బెంగాల్ కాందిశీకులు, రాంచీ కూలీలు, తమిళులు, మలయాళీలు, మన శ్రీకాకుళం, విశాఖ మనుషులు, పాత ఖైదీల పిల్లలు. నీల్, హ్యావ్‌లాక్‌లలో అడవి కొట్టి ఊళ్ళు కట్టింది కాందిశీకులు. మూడు తరాలు పుట్టి పెరిగిన నేల మీద మన తెలుగువాడికి మాట లేదంటావా? నువ్వు చెప్పే ‘అసలు యజమాని’ లెక్క తీస్తే మనమంతా దొంగతనంగా దూరినవాళ్ళమవుతాం.

లాయరు: ఈ ప్రశ్న నిజంగా బరువైనది, దీనికి తిన్నగానే జవాబు చెప్పాలి. వలస వచ్చి స్థిరపడ్డవాళ్ళకు మాట ఉంది. ఆ మాట వాళ్ళు ఎప్పుడో చెప్పారు కూడా. నీల్ దీవిలో కాందిశీకులు కట్టుకున్న ఊళ్ళ పేర్లు చూడండి: సీతాపూర్, రామ్‌నగర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. హ్యావ్‌లాక్‌లో రాధానగర్, కృష్ణనగర్, గోవిందనగర్. పైన దీవికి ఇంగ్లీషు సేనాని పేరు వేలాడుతుంటే కింద జనం తమ ఊళ్ళకు రామాయణ భాగవతాల పేర్లు పెట్టుకుని బతికేశారు. ఏ మంత్రీ ఓడ దిగి ప్రకటించలేదు. అదీ నివసించే హక్కు నుంచి పుట్టే పేరు. ఆ ఊళ్ళవాళ్ళను కూచోబెట్టి దీవికి ఏ పేరు కావాలని అడిగి ఉంటే షహీద్ అనేవాళ్ళేమో, ఇంకోటి అనేవాళ్ళేమో. తెలుగువాడి మాటను నేను కాదనడం లేదు. తెలుగువాణ్ణి కూడా ఎవరూ అడగలేదంటున్నాను.

ఇక అసలు యజమాని సంగతి. రాజ్యాధికారం వేరు, భూమి మీద హక్కు వేరు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే మీకు దొంగతనం అన్న మాట నోటికొచ్చింది. ఇది మన ఏజెన్సీలో పుట్టినవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. పాడేరు, పార్వతీపురం కొండలు భారతదేశంలోవే, ఆంధ్రప్రదేశ్ పాలనలోవే. అయినా 1/70 చట్టం కింద అక్కడ సెంటు భూమి గిరిజనేతరుడు కొనలేడు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వం కూడా గిరిజన ప్రాంతంలో ప్రైవేటు కంపెనీకి భూమి లీజుకివ్వలేదంది. దానివల్ల పాడేరు వేరే దేశమైపోలేదు. అండమాన్ నికోబార్‌కు ఇంకా ముందే, 1956లోనే, ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ వచ్చింది. రిజర్వు ప్రాంతాల్లో బయటివాళ్ళు భూమి సంపాదించకుండా కట్టడి చేసింది. ఆస్ట్రేలియాలో ఇదే మాట కోర్టు 1992లో ఒప్పుకుంది. మర్రీ అని బ్రిటిషువాళ్ళు పిలిచిన మేర్ దీవివాడు ఎడ్డీ మాబో వేసిన కేసులో, రాణి సార్వభౌమత్వం వచ్చినా దీవివాసుల భూమి హక్కు పోలేదని తీర్పు చెప్పింది. మాబో ఆ తీర్పు వినకుండానే కొన్ని నెలల ముందు చనిపోయాడు. కనక ఢిల్లీ సార్వభౌమత్వం మీద నాకు ఏ సందేహమూ లేదు. పేరు పెట్టడం ఆ సార్వభౌమత్వంలో భాగమా, నేల మీద బతికేవాళ్ళ హక్కులో భాగమా అన్నదే ప్రశ్న. రెండోదే అంటాను.

మాస్టారు: సరే, మనుషులు బతికే చోట అడుగుదాం. 2023లో పేరు పెట్టినవి మనుషులు లేని దీవులు. పేర్లే లేవు వాటికి. INAN అని ఇంగ్లీషు అక్షరాలు, పక్కన ఒక అంకె. పెద్దదానికి 370 అట! అలాంటి దానికి మేజర్ సోమనాథ్ శర్మ పేరు పెడితే, కాశ్మీరు కోసం ప్రాణమిచ్చినవాడిని తలుచుకున్నట్టే గదా. దీనికీ అభ్యంతరమా?

లాయరు: సోమనాథ్ శర్మకు అభ్యంతరం ఎవరు చెప్తారు? ‘పేరులేని’ అన్న మాట దగ్గర మాత్రం ఆగుతాను. పేరు లేనిది ఎవరి పుస్తకంలో? ఆ దీవుల్లో ఎక్కువ భాగం ఉత్తర, మధ్య అండమాన్‌ల చుట్టూ ఉన్నాయి. అక్కడ పది తెగల గ్రేట్ అండమానీయులు పడవల్లో తిరిగి, చేపలూ తాబేళ్ళూ వేటాడి బతికారు. 1858లో బ్రిటిషువాళ్ళు తిరిగి వచ్చేనాటికి వాళ్ళు కొన్ని వేలమంది. నేటి పోర్ట్ బ్లెయిర్ చుట్టూ ఉన్నవాళ్ళు అకా-బియా తెగ. 1859లో వాళ్ళు విల్లంబులతో సెటిల్‌మెంటు మీదకు వచ్చారు. పారిపోయి వాళ్ళ దగ్గర తలదాచుకున్న ఖైదీ దూధ్‌నాథ్ తివారీ ముందే ఉప్పందించడంతో తుపాకులకు బలయ్యారు. ఆ పోరాటం జరిగిన చోటును ఇవాళ్టికీ స్కాట్లాండు ఊరి పేరుతో అబర్డీన్ అంటున్నాం. జ్వరాలూ తట్టూ మిగతా పని పూర్తిచేశాయి. అకా-బియా తెగ ఇప్పుడు లేదు. బో భాష చివరిసారి పలికిన బోవా సీనియర్ 2010లో పోయింది. భాషావేత్త అన్వితా అబ్బీ ఏళ్ళ తరబడి వాళ్ళతో కూచుని మాటలూ స్థలాల పేర్లూ రాసిపెట్టింది. అంటే వెతికితే దొరికేవి కొన్నైనా ఉన్నాయి. వెతకకముందే ‘పేరులేనివి’ అని గెజిట్లో రాసుకోవడం, ‘ఎవరూ లేని నేల’ అని పాత దొరలు రాసుకున్నదానికి కొనసాగింపే.

శ్రీ విజయపురం కథ ఇంకా చిత్రం. పేరు మార్చేటప్పుడు చోళుల నౌకాదళాన్ని తలిచారు. 1025లో రాజేంద్ర చోళుడు దండెత్తి ఓడించిన రాజ్యం పేరు శ్రీవిజయం. ఆయన శాసనంలో గెలిచిన చోట్ల జాబితాలో మా-నక్కవరం, అంటే మన నికోబారే, ఉంది. స్వాతంత్ర్య పోరాట విజయానికి గుర్తు అని ప్రకటన చెప్పింది, అది సరే. కానీ దండెత్తి వచ్చినవాడు గొప్పా, దండయాత్రకు గురైనవాడు గొప్పా అని ఆ దీవుల్లో నిలబడి అడిగితే జవాబు తంజావూరులో చెప్పినట్టు ఉండదు.

మాస్టారు: నువ్వు చెప్పే పేర్లు పెడదామన్నా ఎవరివి పెడతావు? ఒక్క దీవికి నాలుగు తెగలు నాలుగు పేర్లు అంటాయి. రాసే లిపి లేదు. పలకడం ఓడ కెప్టెన్‌కు రాదు. పటాల్లో గందరగోళం అయితే తుపాను వేళ ప్రాణాలమీదికొస్తుంది.

లాయరు: ఇబ్బందులు నిజమే, కానీ అన్నీ పరిష్కారం దొరికినవే. కెనడా పశ్చిమ తీరంలో ఒక ఇంగ్లీషు ఓడ పేరుతో క్వీన్ షార్లెట్ అని పిలిచిన దీవులను 2010లో, హైడా జనంతో ఒప్పందం మీద, హైడా గ్వాయ్ చేశారు. 2024లో ఆ నేల మీద వాళ్ళ హక్కును కూడా అక్కడి రాష్ట్ర ప్రభుత్వం గుర్తించింది. పేరు ముందొచ్చింది, నేల వెనకొచ్చింది, రెండూ ఒకే దారిలో. ఓడలేవీ దారి తప్పలేదు. ఆస్ట్రేలియాలో ఉలురు రాతికి రెండు పేర్లూ కలిపి వాడుతున్నారు. నికోబార్‌లో అయితే వెతుకులాటే అక్కర్లేదు. కార్ నికోబార్‌ను అక్కడివాళ్ళు పూ అంటారు, చౌరాను తాతత్ అంటారు, గ్రేట్ నికోబార్‌కు దక్షిణ నికోబారీయుల పేరు పటాయ్ తకారూ. బతికున్న మనుషులు రోజూ పలికే పేర్లు ఇవి. పటం మీద బ్రాకెట్లో కూడా చోటు దొరకదు.

ఇక పద్ధతి. 1953లోనే కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు రాసింది: జనానికి అలవాటైన పేరును గట్టి కారణం లేకుండా మార్చవద్దు, ఒట్టి స్థానిక అభిమానం తృప్తి కోసం నాయకుల పేర్లు పెట్టవద్దు అని. ఆ సూత్రం అందరూ గాలికొదిలేశారు, ఒక పార్టీ అని కాదు. నికోబార్ దక్షిణ కొన పిగ్మేలియన్ పాయింట్ 1980ల్లో ఇందిరా పాయింట్ అయినప్పుడు కూడా ఎవరినీ అడిగిన జాడ లేదు. మన కోనసీమ చూడండి. 2022లో అంబేద్కర్ పేరు చేర్చేటప్పుడు అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో చెప్పమని నోటిఫికేషన్ ఇచ్చారు. అమలాపురంలో మంత్రి ఇల్లు తగలబెట్టేదాకా పోయిన ఆ గొడవను నేను సమర్థించను. అయినా చెప్పుకోడానికి ఒక కిటికీ ఉంది, ఆ తర్వాత పేరూ నిలిచింది. చదువూ ఓటూ గొంతూ ఉన్న కోనసీమను అడగాల్సివస్తే, గొంతు లేనివాళ్ళను ఇంకా ఎక్కువ అడగాలి గదా.

మాస్టారు: అడగడం, అడగడం! పేరు విషయంలో అడిగితే ఏమవుతుంది, అడక్కపోతే ఏమవుతుంది? కడుపు నిండుతుందా? నువ్వు పేరును పట్టుకుని గోల చేస్తున్నది నేల గురించి గదా. అదేదో తిన్నగా చెప్పు.

లాయరు: చెప్తాను. గ్రేట్ నికోబార్‌లో రేవు, విమానాశ్రయం, కరెంటు కేంద్రం, కొత్త పట్నం కలిపి 72,000 కోట్ల రూపాయల అంచనాతో ప్రాజెక్టు తలపెట్టారు. 166 చదరపు కిలోమీటర్లు, అందులో 130 అడవి, సుమారు 84 గిరిజన రిజర్వు. తోలు తాబేళ్ళు గుడ్లుపెట్టే గలాథియా తీరం రేవుకు పోతుంది. ఆ పేరు కూడా డేన్ ఓడదే, ఎవరూ మార్చలేదు. రేవు కట్టడానికి పేరు అడ్డం రాలేదు కాబోలు. 2022 ఆగస్టులో లిటిల్, గ్రేట్ నికోబార్ గిరిజన మండలి నిరభ్యంతర పత్రం ఇచ్చింది, సంగతి పూర్తిగా తెలిశాక నవంబరులో వెనక్కి తీసుకుంది. సునామీ తర్వాత శిబిరాల్లోకి తెచ్చిన తమను పాత ఊళ్ళకు తిరిగి పంపమని అడుగుతూ వచ్చింది. అటవీ హక్కులన్నీ తేల్చేశాం అని అదే ఆగస్టులో అధికారులు ధ్రువపత్రం ఇచ్చారు. ఆ జనం తిరిగి వెళ్తామంటున్న ఊళ్ళలో ఒకటి చింగెన్. వాళ్ళను ఉంచిన కాలనీల్లో ఒకదాని పేరు రాజీవ్ నగర్. చింగెన్ అన్న ఊరు సర్కారు పటంలో స్పష్టంగా, హద్దులతో ఉండి ఉంటే, అక్కడ హక్కులు తేలిపోయాయని కాగితం రాయడం అంత తేలికయ్యేది కాదు. పేరు వల్ల హక్కు పుట్టదని ఇందాక నేనే అన్నాను. కానీ పేరు చెరిపేస్తే ఉన్న హక్కును దాచడం సులువవుతుంది. దావాలో షెడ్యూలు లేకుండా పొలం కోసం కొట్లాడినట్టు ఉంటుంది వాళ్ళ పరిస్థితి.

మాస్టారు: ఇప్పుడు దారికొచ్చావు. నేను కూడా తిన్నగానే చెప్తాను. పేర్ల విషయంలో నీతో సగం దూరం వస్తాను. పూ అని రాయండి, చింగెన్ అని రాయండి, సైనికుల పేర్లూ ఉంచండి. కానీ కొన్ని వందలమంది వద్దంటే దేశం ఆగిపోవాలా? నియమగిరి గురించి చెప్తావు, నాకు తెలుసు. 2013లో సుప్రీంకోర్టు అడగమంది, పన్నెండు గ్రామసభలూ బాక్సైటు తవ్వొద్దన్నాయి, తవ్వలేదు, ఏమీ మునగలేదు అంటావు. నియమగిరి దేశం నడుమ ఉంది నాయనా. గ్రేట్ నికోబార్ మలక్కా జలసంధి వాకిట్లో ఉంది. అక్కడ కాపలా కాసేదెవరు?

లాయరు: ఇప్పటిదాకా కాసినవాళ్ళే. 1969 నుంచి క్యాంప్‌బెల్ బేలో మాజీ సైనికుల కుటుంబాలు 330 దాకా దింపారు, వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు, వాళ్ళు కాస్తున్నారు. వాళ్ళకు ముందు నికోబారీయులు కాశారు. జపాన్ కాలంలో గూఢచారులని అనుమానించి కార్ నికోబార్‌లో ఎంతోమందిని చంపారు. నికోబారీయుల పెద్ద జాన్ రిచర్డ్‌సన్‌ను జైల్లో పెట్టి మరణశిక్ష వేశారు, ఆయన కొడుకును చంపారు. ఆయన బతికి బయటపడి 1952లో మొదటి లోక్‌సభలో ఈ దీవుల తరఫున కూచున్నాడు. అదే సభలో మన గాం మల్లుదొర కూడా ఉన్నాడు, అండమాన్ శిక్ష అనుభవించి వచ్చి. హేగ్‌లోని అంతర్జాతీయ కోర్టులో ఎప్పుడైనా ఈ దీవుల మీద మన హక్కు నిరూపించుకోవాల్సివస్తే నేను పెట్టే మొదటి సాక్ష్యం రిచర్డ్‌సన్ సభ్యత్వం. 2018 ప్రకటన కాదు. ఆ సాక్ష్యం రేపటికీ బలంగా ఉండాలంటే మండలి 2022 నవంబరులో రాసిన ఉత్తరానికి జవాబు కావాలి.

మాస్టారు: జవాబు ‘కాదు’ అయితే?

లాయరు: కాదు అనే హక్కు ఢిల్లీకి ఉంది మాస్టారూ, కారణం రాసి, నష్టం కట్టి, కోర్టులో నిలబడి. చింగెన్‌లో హక్కులేవీ మిగల్లేదు అని రాసే హక్కు మాత్రం లేదు.